ఆల్ఫా ఫై ఆల్ఫా పుట్టింది 1905లోనా, 1906లోనా? స్థాపకులు ఏడుగురేనా?

ప్రశ్న: తంగేడు

నమస్కారం. అమెరికాలో నల్లజాతి విద్యార్థులు పెట్టుకున్న ఫ్రాటర్నిటీల పుట్టుక మీద తెలుగులో ఒక వ్యాసం తయారుచేస్తున్నాను. 2020 ఎన్నికల నుంచి కమలా హారిస్ పుణ్యమా అని ఆల్ఫా కప్పా ఆల్ఫా పేరు మనవాళ్ళకు కొంత పరిచయమే. అది ఆడపిల్లల సంఘం, సొరోరిటీ. దానికన్నా ముందు వచ్చిన మగపిల్లల సంఘం ఆల్ఫా ఫై ఆల్ఫా దగ్గరే నేను చిక్కుకుపోయాను.

ఒకచోట 1905 అని ఉంది, ఇంకోచోట 1906 డిసెంబరు 4 అని, మరోచోట 1908 అని. స్థాపకులు ఏడుగురు అంటారు. వాళ్ళను "ఏడు రత్నాలు" అని పిలుస్తారట. తీరా చూస్తే ఆ ఏడుగురిలో యూజీన్ కింకిల్ జోన్స్‌ను దీక్ష ఇచ్చి తరవాత చేర్చుకున్నారని కూడా రాసి ఉంది. దీక్ష పుచ్చుకుని చేరినవాడు స్థాపకుడు ఎలా అవుతాడు? పాయిండెక్స్టర్ అనే ఆయన అందరికన్నా ముందు ఉన్నాడు కదా, ఆయన పేరు జాబితాలో ఎందుకు లేదు?

ఇంకొకటి. "మొట్టమొదటి నల్లజాతి ఫ్రాటర్నిటీ" అని రాయొచ్చా? "హిస్టారికల్లీ బ్లాక్ కాలేజ్ ఫ్రాటర్నిటీ" అన్న మాటను తెలుగులో ఎలా పెట్టాలి? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పగలరు.

జవాబు: పాతకాగితం

తంగేడు గారూ, తారీఖు దగ్గర మొదలుపెడితే ఈ ముడి విడదు. ఆ ఊళ్ళో ఏం జరిగిందో వరసగా చూస్తే తారీఖు దానంతటదే తేలుతుంది.

ఊరు ఇతాకా, న్యూయార్క్ రాష్ట్రం. యూనివర్సిటీ కోర్నెల్. ఎవరైనా సరే ఏ చదువైనా చదువుకోగల చోటు కావాలన్నది స్థాపకుడు ఎజ్రా కోర్నెల్ సంకల్పం. అందుకని నల్లజాతి విద్యార్థులకు సీటు దొరకడం అసాధ్యమేమీ కాదు. నల్లజాతి రచయిత్రి జెస్సీ ఫాసెట్ 1905లో అక్కడే పట్టా పుచ్చుకుంది. కష్టమంతా సీటు వచ్చాక అక్కడ నిలబడటంలో ఉంది. 1904-05 చదువు ముగిశాక ఆరుగురు నల్లజాతి విద్యార్థులు మళ్ళీ రాలేదు. వేళ్ళ మీద లెక్కపెట్టగలిగే గుంపులోంచి ఆరుగురు తగ్గిపోయారు. ఈ సంఘం చరిత్రంతా ఆ ఆరు ఖాళీల నుంచే మొదలవుతుంది. మీ వ్యాసంలో ఈ వాక్యం తప్పకుండా ఉండాలి.

ఎందుకు నిలబడలేకపోయారు? ఆ రోజుల్లో కోర్నెల్‌లో మగపిల్లలకు యూనివర్సిటీ హాస్టళ్ళు దాదాపు లేవు. ఉంటే ఊళ్ళో అద్దె గదిలో ఉండాలి, లేదా ఫ్రాటర్నిటీ ఇంట్లో ఉండాలి. ఫ్రాటర్నిటీ అంటే మనం అనుకునే స్నేహితుల క్లబ్బు ఒక్కటే కాదు. గది, భోజనం, పాత పరీక్షల కాగితాలు, ఏ ప్రొఫెసరు ఏం అడుగుతాడో చెప్పే సీనియర్లు, చదువయ్యాక ఉద్యోగం చూపించే పాత విద్యార్థులు, అన్నీ అందులోనే. తెల్లవాళ్ళ ఫ్రాటర్నిటీలు వీళ్ళను చేర్చుకోవు. ఈ పిల్లల్లో కొందరు అవే ఇళ్ళల్లో భోజనాల దగ్గర వడ్డించే పని చేసి ఫీజులు కట్టుకున్నారు. కాబట్టి ఆ ఏర్పాటు లోపల ఎలా నడుస్తుందో కళ్ళారా చూశారు, తమకు ఏది లేదో కూడా వాళ్ళకు స్పష్టంగా తెలిసింది.

1905-06లో చార్లెస్ కార్డోజా పాయిండెక్స్టర్ అనే వ్యవసాయశాస్త్రం పీజీ విద్యార్థి మిగిలినవాళ్ళను కూడగట్టాడు. నార్త్ ఆల్బనీ వీధిలో 421వ నంబరు ఇల్లు, ఆయన ఉండే చోటే. రెండు వారాలకొకసారి కలిసేవారు. చదవడం, చర్చించడం, ఒకరి చదువుకు ఒకరు సాయపడటం. ఇది సాహిత్య సమాజం, ఫ్రాటర్నిటీ కాదు. మీకు కనిపించిన 1905 ఇదే.

ఆ సమాజంలోనే రెండు అభిప్రాయాలు తలెత్తాయి. కొందరికి ఇది సాహిత్య సమాజంగానే సాగాలి. ఇంకొందరికి ఫ్రాటర్నిటీ కావాలి. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో నల్లజాతి ఫ్రాటర్నిటీ ఒకటి ఉందని వాళ్ళలో ఒకడైన రాబర్ట్ ఓగిల్ షికాగో డిఫెండర్ అనే నల్లజాతివాళ్ళ పత్రికలో చదివాడు. దాని పేరు పై గామా ఒమిక్రాన్. వీళ్ళు అక్కడికి ఉత్తరం రాస్తే, అలాంటిదేదీ మా ఎరుకలో లేదని యూనివర్సిటీ నుంచి జవాబొచ్చింది. నమూనా చూసి నడుద్దామంటే నమూనాయే దొరకలేదు. పాయిండెక్స్టర్ ఫ్రాటర్నిటీకి ఒప్పుకోలేదు. అలాంటి సంప్రదాయం తమవాళ్ళకు లేదు, దానికి పునాది ఎక్కడుందన్నది ఆయన వాదన. ఆయన్ను విలన్‌గా రాయకండి. ఆ రోజు ఆ ప్రశ్న న్యాయమైనదే.

ఇక 1906. అక్టోబరు 23న ఆల్ఫా ఫై ఆల్ఫా అన్న పేరు పెట్టుకున్నారు. అక్టోబరు 30న మేసోనిక్ హాల్లో తొలి దీక్ష జరిగింది. యూజీన్ కింకిల్ జోన్స్, లెమ్యుయెల్ గ్రేవ్స్, గోర్డన్ జోన్స్ చేరారు. డిసెంబరు 4న మాత్రమే "ఇది ఇకనుంచి ఫ్రాటర్నిటీ" అని తీర్మానించారు. మూడూ మంగళవారాలే.

వింతగా అనిపించేది ఏమిటంటే, గ్రీకు పేరూ దీక్షా ముందు వచ్చేశాయి, ఫ్రాటర్నిటీ అన్న నిర్ణయం ఆ తరవాత వచ్చింది. అక్టోబరులో ఉన్నది గ్రీకు పేరు పెట్టుకున్న సమాజం, అంతే. అందుకే తారీఖుల దగ్గర అందరూ తడబడతారు. పాయిండెక్స్టర్ సంఘం నుంచి తప్పుకున్నాడు. సివిల్ ఇంజనీరింగు విద్యార్థి జార్జ్ బిడిల్ కెల్లీ మొదటి అధ్యక్షుడయ్యాడు.

ఇప్పుడు జోన్స్ సంగతి. మీ అనుమానం సరైనదే. అక్టోబరు 30 లెక్కన ఆయన దీక్ష పుచ్చుకుని చేరినవాడు. డిసెంబరు 4 లెక్కన ఫ్రాటర్నిటీ పుట్టేటప్పటికే లోపల ఉన్నవాడు. పేరు, దీక్షావిధానం రూపొందించడంలో ఆయన చెయ్యి ఉంది. 1907లో వాషింగ్టన్‌లోని హోవర్డ్ యూనివర్సిటీలోనూ వర్జీనియా యూనియన్ యూనివర్సిటీలోనూ శాఖలు పెట్టడానికి తిరిగిందీ ఆయనే. ఇంకోవైపు, మొదట స్థాపకుల్లో లెక్కకొచ్చిన జేమ్స్ మోర్టన్ ఆ సమయంలో కోర్నెల్‌లో విద్యార్థిగా నమోదై లేడని తేలింది. 1952లో సంఘమే ఈ వ్యవహారాన్ని తేల్చి మోర్టన్ స్థానంలో జోన్స్‌ను స్థాపకుడిగా గుర్తించింది. అంటే మీరు చూసే ఏడుగురి జాబితా సంఘం పుట్టిన 46 ఏళ్ళకు ఖరారైంది. 1952కు ముందు అచ్చయిన దానిలోనూ తరవాతి దానిలోనూ పేర్లు తేడాగా ఉంటే కంగారుపడకండి, అచ్చయిన సంవత్సరం చూడండి.

ఏడుగురి పూర్తి పేర్లు, తప్పుల్లేకుండా: హెన్రీ ఆర్థర్ కాలిస్, చార్లెస్ హెన్రీ చాప్‌మన్, యూజీన్ కింకిల్ జోన్స్, జార్జ్ బిడిల్ కెల్లీ, నథానియెల్ ఆలిసన్ మర్రే, రాబర్ట్ హెరాల్డ్ ఓగిల్, వర్ట్‌నర్ వుడ్సన్ టాండీ. చివరగా మిగిలినవాడు డాక్టర్ కాలిస్, 1974లో పోయాడు.

జవాబు: నాలుగోమెట్టు

పాతకాగితం గారు చెప్పాక తారీఖు మీద నేను కలిపేదేమీ లేదు. "మొట్టమొదటి" అన్న మాట గురించి చెబుతాను, ఎందుకంటే తెలుగు రాతల్లో ఎక్కువ పొరపాట్లు అక్కడే జరుగుతాయి.

ఒట్టి "మొట్టమొదటి నల్లజాతి ఫ్రాటర్నిటీ" అని రాస్తే తప్పు. 1904 మే 15న ఫిలడెల్ఫియాలో సిగ్మా పై ఫై పుట్టింది. అది డాక్టర్లు, ఇతర వృత్తుల్లో స్థిరపడిన పెద్దవాళ్ళ సంఘం, దాన్ని బూలే అంటారు. గ్రీకు అక్షరాల పేరు పెట్టుకున్న నల్లజాతి సంఘాల్లో అదే ముందు, కాకపోతే విద్యార్థులది కాదు. విద్యార్థుల్లో చూస్తే ఇండియానా యూనివర్సిటీలో 1903లో ఆల్ఫా కప్పా ను అని ఒక ప్రయత్నం జరిగింది, నిలవలేదు. విల్బర్‌ఫోర్స్‌లో 1905లో గామా ఫై ఉండేది, ఆ ఒక్క కాలేజీకే పరిమితం. ఒహాయో స్టేట్ సంగతి పైన వచ్చింది.

మరి ఆల్ఫా ఫై ఆల్ఫా దేనిలో మొదటిది? నల్లజాతి విద్యార్థులు స్థాపించి, ఒక కాలేజీ దాటి మరో కాలేజీకి విస్తరించి నిలిచిన ఫ్రాటర్నిటీల్లో మొదటిది. ఈ విశేషణాల్లో ఏ ఒక్కటి వదిలేసినా వాక్యం అబద్ధమవుతుంది.

"హిస్టారికల్లీ బ్లాక్ కాలేజ్ ఫ్రాటర్నిటీ" అన్నదానిలో ఇంగ్లీషులోనే రెండు అర్థాలు చుట్టుకుని ఉన్నాయి. నల్లజాతి కాలేజీలో పుట్టిన ఫ్రాటర్నిటీ అనా, కాలేజీ ఏదైనా నల్లజాతివాళ్ళు పెట్టుకున్న ఫ్రాటర్నిటీ అనా? హిస్టారికల్లీ బ్లాక్ కాలేజీ అన్నది చట్టంలో నిర్వచనం ఉన్న మాట. 1964కు ముందు స్థాపించి, నల్లజాతివాళ్ళ చదువే ప్రధాన ఉద్దేశంగా నడిచిన సంస్థ అని 1965 నాటి ఉన్నత విద్యా చట్టం చెబుతుంది. హోవర్డ్, లింకన్, మోర్గన్ స్టేట్ అందులోకి వస్తాయి. కోర్నెల్ రాదు, ఇండియానా యూనివర్సిటీ రాదు. తెలుగులో "నల్లజాతి విద్యార్థుల ఫ్రాటర్నిటీ" అని ఒకటి, "నల్లజాతి కాలేజీలో పుట్టిన ఫ్రాటర్నిటీ" అని ఇంకొకటి విడగొట్టి రాయండి. తెలుగు విభక్తులు ఇక్కడ మనకు బాగా పనికొస్తాయి, ఇంగ్లీషులో కలిసిపోయిన రెండు అర్థాలను మనం సులువుగా విడదీయగలం.

"చారిత్రాత్మక నల్ల కళాశాల సోదరభావం" వంటి అనువాదాలు కనిపిస్తుంటాయి. దయచేసి అది వద్దు. చారిత్రాత్మకం అంటే ఘనమైన చరిత్ర ఉన్నది అని అర్థం వచ్చేస్తుంది, అసలు ఉద్దేశం అది కాదు. ఫ్రాటర్నిటీని ఫ్రాటర్నిటీ అనే రాసి, మొదటిసారి వచ్చినచోట ఒక్క వాక్యంలో ఏమిటో చెప్పేస్తే చాలు.

అడిగినవారు: తంగేడు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మంగళవారాల సంగతి కేలండరులో చూసుకున్నాను, సరిపోయింది.

1908 ఇంకా మిగిలింది. ఇంకో మాట కూడా అడగాలి. చదువులో ఒకరికొకరు సాయం చేసుకోవడానికి సాహిత్య సమాజం సరిపోదా? గ్రీకు అక్షరాలు, రహస్య దీక్ష, ఇవన్నీ ఎందుకు? వాళ్ళను బయట నిలబెట్టినవాళ్ళ పద్ధతినే తెచ్చుకోవడం పాఠకుడికి వింతగా తోస్తుంది. దీనికి సరైన సమాధానం రాయకపోతే వ్యాసం నిలబడదు.

జవాబు: పాతకాగితం

మంచి ప్రశ్న. సాహిత్య సమాజం దాన్ని నడిపే మనిషి ఊళ్ళో ఉన్నన్నాళ్ళే ఉంటుంది. పాయిండెక్స్టర్ గదిలో కలిసేవారు, పాయిండెక్స్టర్ వెళ్ళిపోతే గది లేదు. కాలేజీలో ఎవరైనా ఉండేది నాలుగేళ్ళు. పదిహేను మందైనా లేని గుంపు అయితే రెండేళ్ళలో మొత్తం మారిపోతుంది. వాళ్ళకు కావలసింది తాము వెళ్ళిపోయాక కూడా మిగిలే ఏర్పాటు. ఫ్రాటర్నిటీ నిర్మాణంలో ఆ పనికొచ్చే భాగాలు ఉన్నాయి, ఒక్కొక్కటి చూడండి.

గ్రీకు అక్షరాలు సాధారణంగా ఒక రహస్య ధ్యేయవాక్యానికి పొడి అక్షరాలు. 1776లో విలియమ్ అండ్ మేరీ కాలేజీలో ఫై బేటా కప్పా మొదలైనప్పటి నుంచి అమెరికాలో ఉన్న అలవాటు అది. దాని వల్ల పేరు ఏ ఊరిదీ ఏ మనిషిదీ కాకుండా పోతుంది. "ఇతాకా సమాజం" అని పేరుంటే వాషింగ్టన్‌లో శాఖ పెట్టలేరు కదా.

దీక్ష వల్ల సభ్యత్వానికి ఒక గీత పడుతుంది. ఎవరు లోపల, ఎవరు బయట అన్నది ఏ రోజుకు ఆ రోజు కాగితం మీద తేలిపోతుంది. జోన్స్ గురించి ఇంత వాదన జరగగలిగిందంటే ఆ దీక్ష తేదీ నమోదై ఉండబట్టే.

శాఖలు, అంటే చాప్టర్లు, గ్రీకు అక్షరాల వరసలోనే వస్తాయి. కోర్నెల్‌ది ఆల్ఫా చాప్టర్. 1907 డిసెంబరులో హోవర్డ్‌లో బేటా, అదే నెలలో వర్జీనియా యూనియన్‌లో గామా. 1908లో టొరంటో యూనివర్సిటీలో డెల్టా, దాంతో దేశం సరిహద్దు కూడా దాటింది. ఇక్కడ ఒక గుంట ఉంది, జాగ్రత్త. "ఆల్ఫా చాప్టర్" అంటే సంఘం పేరులోని ఆల్ఫా కాదు, మొదటి శాఖ అని. చాలా ఫ్రాటర్నిటీలకు ఒక ఆల్ఫా చాప్టర్ ఉంటుంది. ఒమేగా సై ఫై ఆల్ఫా చాప్టర్ హోవర్డ్‌లో ఉంది. ఇది తెలియక రెండు సంఘాల్ని ఒకటిగా కలిపి రాసినవాళ్ళున్నారు.

తరవాత రిజిస్ట్రేషన్. మీ 1908 అదే. 1908 జనవరి 29న న్యూయార్క్ రాష్ట్రంలో చట్టప్రకారం నమోదు చేశారు. దీంతో సంఘానికి తనదంటూ చట్టపరమైన ఉనికి వచ్చింది. పేరు మీద హక్కు, ఆస్తి కొనుక్కునే వీలు, ఒప్పందం చేసుకునే వీలు. కోర్నెల్‌లో ఆనాటి పిల్లలంతా వెళ్ళిపోయినా సంఘం ఉంటుంది. అదే ఏడాది డిసెంబరులో హోవర్డ్‌లో మొదటి మహాసభ జరిగింది. 1912లో వాషింగ్టన్‌లో జాతీయ స్థాయిలో మళ్ళీ రిజిస్టరు చేశారు. 1911లో లూయివిల్‌లో పాత విద్యార్థుల శాఖ, 1914లో స్ఫింక్స్ అనే పత్రిక.

ఇప్పుడు మీ వింతకు సమాధానం. తెల్లవాళ్ళ ఫ్రాటర్నిటీని అనుకరించాలని కాదు. అది తన సభ్యుల్ని చదువులో నిలబెట్టే తీరును వడ్డన బల్ల దగ్గర నిలబడి చూశారు, ఆ నిర్మాణాన్ని తమ పనికి వాడుకున్నారు. ఆరుగురు మళ్ళీ రాకపోవడానికి వాళ్ళు కనుక్కున్న మందు అది.

కాలాన్ని కూడా ఒక వాక్యంలో గుర్తుచేయండి. 1906 సెప్టెంబరులో అట్లాంటాలో నల్లజాతివాళ్ళ మీద మూకదాడులు జరిగాయి. నవంబరులో అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్ట్ టెక్సాస్‌లోని బ్రౌన్స్‌విల్‌లో జరిగిన కాల్పుల నెపంతో 167 మంది నల్లజాతి సైనికుల్ని విచారణ లేకుండా తొలగించాడు. నెల తిరక్కుండానే డిసెంబరు 4 తీర్మానం. ఒకదానివల్ల ఒకటి జరిగిందని రాయకండి, అలా చెప్పడానికి ఆధారం కావాలి. ఆ పిల్లలు ఏ గాలి పీలుస్తూ ఆ గదిలో కూర్చున్నారో మాత్రం పాఠకుడికి తెలియాలి.

జవాబు: కొండవాగు

కోర్నెల్ కథ ఒక్కటే రాస్తే బొమ్మ సగమే అవుతుంది. నల్లజాతి కాలేజీలో పుట్టిన మొదటి ఫ్రాటర్నిటీ ఒమేగా సై ఫై. 1911 నవంబరు 17, శుక్రవారం, హోవర్డ్ యూనివర్సిటీ. అక్కడ అడ్డంకి వేరే రకం.

ముగ్గురు విద్యార్థులు, ఎడ్గార్ ఎమోస్ లవ్, ఆస్కార్ జేమ్స్ కూపర్, ఫ్రాంక్ కోల్‌మన్. వాళ్ళకు తోడు నిలిచిన అధ్యాపకుడు ఎర్నెస్ట్ ఎవరెట్ జస్ట్, జీవశాస్త్రం. సైన్స్ హాల్లో, అదే తరవాతి థర్కీల్డ్ హాల్, ఆయన ఆఫీసు గదిలో కలిశారు. ఈ జస్ట్ సముద్రజీవుల గుడ్ల మీద చేసిన పరిశోధనతో పేరు తెచ్చుకున్నాయన. నల్లజాతివాళ్ళ విశిష్ట కృషికి ఇచ్చే స్పింగార్న్ పతకం మొదటిసారి, 1915లో, ఆయనకే ఇచ్చారు. పేరులోని మూడు గ్రీకు అక్షరాలు "ఆత్మకు స్నేహం అత్యవసరం" అనే అర్థం వచ్చే గ్రీకు వాక్యానికి పొడి అక్షరాలు. ఈ సంఘం తన వాక్యాన్ని దాచుకోలేదు.

హోవర్డ్ నల్లజాతివాళ్ళ విద్యాలయమే కదా, అడ్డంకి ఎక్కడిది అంటారా? యాజమాన్యం ఒప్పుకోలేదు. హోవర్డ్‌లో పుట్టి బయటికి శాఖలు వేసే జాతీయ సంఘం అంటే అధికారులకు ఇష్టం లేదు. ఈ కాలేజీ వరకే ఉండండి అన్నారు. వీళ్ళు మేమున్నామని చీటీలు రాసి క్యాంపస్‌లో అంటించారు. అలాంటి సంఘమేదీ లేదని అటునుంచి జవాబు. చివరికి యాజమాన్యం దిగొచ్చింది. 1914 అక్టోబరు 28న రిజిస్ట్రేషన్ అయింది, ఆ ఏడాదే పెన్సిల్వేనియాలోని లింకన్ యూనివర్సిటీలో బేటా శాఖ.

అప్పటి హోవర్డ్ అధ్యక్షుడు విల్బర్ థర్కీల్డ్. 1914లో అనుమతి ఇచ్చిందీ ఆయనే.

జవాబు: నాలుగోమెట్టు

కొండవాగు గారూ, చివరి వాక్యం సరిచేయాలి. థర్కీల్డ్ 1912లో హోవర్డ్ వదిలి వెళ్ళిపోయాడు. 1912 నుంచి 1918 దాకా అధ్యక్షుడు స్టీఫెన్ న్యూమన్. 1914 నాటి దేన్నీ థర్కీల్డ్ పేరు మీద వేయకూడదు.

కోర్నెల్‌లో 1906 నాటికి ఫ్రాటర్నిటీలు మామూలు విషయం, అక్కడ ఆటంకం వివక్ష, లోపలి అభిప్రాయభేదం. హోవర్డ్‌లో వివక్ష లేదు, అధికారుల పట్టు ఉంది. తంగేడు గారు ఈ రెండూ పక్కపక్కన పెడితే వ్యాసానికి బలం వస్తుంది.

జవాబు: కొండవాగు

నిజమే, పొరబడ్డాను. థర్కీల్డ్ మాట 1911 వరకే ఉంచండి.

తప్పు దిద్దుకుంటూ మూడోదాని గురించి కూడా చెప్పేస్తాను. 1911 జనవరి 5న ఇండియానా యూనివర్సిటీ, బ్లూమింగ్టన్‌లో కప్పా ఆల్ఫా సై. అంటే హోవర్డ్ ఒమేగా కన్నా పది నెలలు ముందు. పుట్టినప్పుడు దాని పేరు కప్పా ఆల్ఫా ను. స్థాపకులు పదిమంది. ముఖ్యులు ఎల్డర్ వాట్సన్ డిగ్స్, బైరన్ కెన్నెత్ ఆర్మ్‌స్ట్రాంగ్. ఇద్దరూ అంతకు ముందు ఏడాది హోవర్డ్‌లో చదివి వచ్చినవాళ్ళు. అప్పటికే అక్కడ ఆల్ఫా ఫై ఆల్ఫా బేటా శాఖ నడుస్తోంది. అంటే ఫ్రాటర్నిటీ అంటే ఏమిటో చూసి వచ్చారన్నమాట. కోర్నెల్‌వాళ్ళు ఒహాయోకు ఉత్తరం రాసి ఖాళీ చేతులతో మిగిలిన దానికి, నాలుగేళ్ళ తరవాత వీళ్ళ ముందు బతికున్న ఉదాహరణ ఉండటానికి తేడా చూడండి. అందుకేనేమో కోర్నెల్‌లో ఏడాదికి పైగా సాగిన తర్జనభర్జన ఇక్కడ కనిపించదు. జనవరిలో పుట్టి మే 15కల్లా రిజిస్టరు అయిపోయింది.

పేరు మార్పుకు కారణం బాధాకరం. చివరి అక్షరం "ను"ను వంకరగా పలికి నల్లజాతివాళ్ళను తిట్టే మాటగా మార్చి వెక్కిరించేవారు. 1915 ఏప్రిల్ 15 నుంచి "ను" పోయి "సై" వచ్చింది. కాబట్టి 1911 నాటి సంగతి రాసేటప్పుడు కప్పా ఆల్ఫా ను అనే రాయాలి. 1903 నాటి ఆల్ఫా కప్పా నుతో కలిపేయకండి, అక్షరాలు అవే, వరస వేరు, సంఘం వేరు.

మిగిలినవి నాకు తెలిసినంతలో: హోవర్డ్‌లో 1914 జనవరి 9న ఫై బేటా సిగ్మా, మోర్గన్ స్టేట్‌లో 1963 సెప్టెంబరు 19న అయోటా ఫై థేటా. మగపిల్లలవి ఈ ఐదూ, ఆడపిల్లలవి నాలుగూ కలిసి ఇప్పుడు తొమ్మిది. వీటన్నిటి ఉమ్మడి మండలి 1930 మే 10న హోవర్డ్‌లో ఏర్పడింది. ఆల్ఫా ఫై ఆల్ఫా వయసులో అన్నిటికన్నా పెద్దదైనా ఆ రోజు చేరిన ఐదింటిలో లేదు. 1931లో వచ్చింది.

అడిగినవారు: తంగేడు

ఇంత సాయం అందుతుందనుకోలేదు. పేర్లు తెలుగు లిపిలో పెట్టేటప్పుడు ఏం చూసుకోవాలో కూడా చెబుతారా? ఫీ, ఫై రెండూ కనిపిస్తున్నాయి.

జవాబు: నాలుగోమెట్టు

గ్రీకు పండితుల ఉచ్చారణ వేరు, ఈ సంఘాలవాళ్ళు తమను పిలుచుకునే తీరు వేరు. వాళ్ళ పేరు వాళ్ళు పలికినట్టే రాయాలి. ఆల్ఫా ఫై ఆల్ఫా, ఒమేగా సై ఫై, ఫై బేటా సిగ్మా, సిగ్మా పై ఫై. "ప్సి" అని రాయకండి, పలికేది "సై". "బీటా" అని తెలుగులో అలవాటుగా రాస్తాం గానీ అమెరికాలో పలికేది "బేటా"కు దగ్గర.

ఉచ్చారణ కన్నా పెద్ద ప్రమాదం హోవర్డ్, హార్వర్డ్. తెలుగు లిపిలో ఒక్క అక్షరం అటూ ఇటూ. సరిచూసేవాళ్ళు "హోవర్డ్" చూసి అచ్చుతప్పనుకుని "హార్వర్డ్" అని దిద్దేస్తారు. అలా దిద్దితే వాషింగ్టన్‌లో ఉన్న నల్లజాతి విశ్వవిద్యాలయం పోయి మసాచుసెట్స్‌లోని ఇంకో విశ్వవిద్యాలయం వచ్చి కూర్చుంటుంది. మొదటిసారి రాసినచోట "వాషింగ్టన్‌లోని హోవర్డ్" అని ఊరి పేరు కలిపి రాయండి. లింకన్‌కూ అంతే, మిస్సోరీలో ఇంకో లింకన్ యూనివర్సిటీ ఉంది, కాబట్టి "పెన్సిల్వేనియాలోని" అని తప్పక ఉండాలి.

అదీకాక 1906 నాటి కోర్నెల్ సంఘం నిబంధనల్లో సభ్యుడి జాతి ప్రస్తావన ఉండేది, 1945లో దాన్ని తీసేశారు. "నల్లజాతివాళ్ళకు మాత్రమే" అని వర్తమాన కాలంలో రాస్తే తప్పవుతుంది.

అడిగినవారు: తంగేడు

మొదటి పేరా ఇలా మార్చాను, చూడండి:

"1904-05 విద్యాసంవత్సరం ముగిశాక న్యూయార్క్ రాష్ట్రంలోని కోర్నెల్ యూనివర్సిటీకి ఆరుగురు నల్లజాతి విద్యార్థులు తిరిగి రాలేదు. మిగిలినవారు ఆ మరుసటి ఏడాది చార్లెస్ పాయిండెక్స్టర్ చొరవతో సాహిత్య సమాజంగా కలిశారు. ఆ సమాజమే 1906 అక్టోబరు 23న ఆల్ఫా ఫై ఆల్ఫా అని పేరు పెట్టుకుని, డిసెంబరు 4న ఫ్రాటర్నిటీగా మారింది. నల్లజాతి విద్యార్థులు స్థాపించిన ఫ్రాటర్నిటీల్లో ఒక కాలేజీ దాటి విస్తరించి నిలిచిన మొదటిది ఇదే. 1908 జనవరి 29న చట్టప్రకారం నమోదైంది. ఏడుగురు ఆ రోజే స్థాపకులుగా గుర్తింపు పొందారు."

జవాబు: పాతకాగితం

చివరి వాక్యం తప్ప అంతా బాగుంది. "ఆ రోజే" అంటే 1908 జనవరి 29 అనిపిస్తోంది. "స్థాపకులుగా ఏడుగురి జాబితా 1952లో ఇప్పటి రూపానికి వచ్చింది" అని పెట్టండి. ఏడుగురు తరవాత ఏమయ్యారో కూడా రెండు వాక్యాల్లో రాయండి. టాండీ న్యూయార్క్ రాష్ట్రంలో రిజిస్టరైన తొలి నల్లజాతి ఆర్కిటెక్టు, హార్లెమ్‌లోని సెయింట్ ఫిలిప్స్ చర్చి రూపకర్తల్లో ఒకడు, కేశసంరక్షణ సామగ్రి అమ్మి ధనవంతురాలైన నల్లజాతి వ్యాపారి మేడమ్ సి. జె. వాకర్ భవనం విల్లా లెవారో కూడా ఆయనదే. కెల్లీ న్యూయార్క్ రాష్ట్రంలోని బార్జ్ కాలువ నిర్మాణంలో ఇంజనీరు. నగరాల్లోని నల్లజాతివాళ్ళ కోసం పనిచేసే అర్బన్ లీగ్ సంస్థను జోన్స్ దశాబ్దాల పాటు నడిపాడు. కాలిస్ డాక్టరు. చాప్‌మన్ ఫ్లోరిడాలో వ్యవసాయశాస్త్రం చెప్పాడు, మర్రే వాషింగ్టన్ బడుల్లో పంతులు. ఒహాయోకు ఉత్తరం రాయించిన ఆ ఓగిల్ అమెరికా సెనేట్‌లో నిధుల కేటాయింపుల కమిటీ సిబ్బందిలో పనిచేశాడు.